ఇంటిలో సినిమా: ఎంచుకొనువారెవరు?

ధ్యానభాగములు: 2 సమూయేలు 12:1-7, 1 కొరింథీయులకు 8వ అధ్యాయము, ఫిలిప్పీయులకు 4:8



పూర్వము మన సంఘములలో తరచుగా వినబడిన ప్రశ్న, "విశ్వాసి సినిమాకు వెళ్లవచ్చునా?" అనునది. అప్పుడు సినిమా హాలు ఊరికి దూరముగా ఉండెను. టిక్కెట్టునకు డబ్బు కూడబెట్టవలెను, బండి కట్టవలెను, వెళ్లినవానిని నలుగురును చూచెదరు. పెద్దలు అవుననియో కాదనియో ఒక్క మాటలో తేల్చి చెప్పగలిగిరి. నేడు సినిమాకు మనము వెళ్లనక్కరలేదు. సినిమాయే మన యింటికి వచ్చి, పెద్దదై గోడమీదను, చిన్నదై అరచేతిలోను నిలిచియున్నది. తాతల నాటి పౌరాణికము మొదలు నిన్నమొన్న వచ్చిన నేరకథ వరకు అన్నియు ఒకే గంపలో పోసి మన ముందర పెట్టబడినవి. కాబట్టి పాత ప్రశ్న మారి, "ఏది చూడవలెను? ఎవరితో చూడవలెను? ఎంచుకొనువారెవరు?" అను ప్రశ్న వచ్చినది. ఈ నెల దీనినే ధ్యానింతము.

మొదట చివరి మాటను చూతము. ఎంచుకొనువారు మనమే అని తలంచుచున్నాము. కాని అనేక గృహములలో జరుగుచున్నది వేరు. ఒక చిత్రము ముగియుటతోనే రెండవది దానంతట అదే మొదలగును. మనము ఇదివరకు ఏమి చూచితిమో, ఎంతసేపు చూచితిమో లెక్కగట్టి, ఏమి చూపినయెడల లేవక కూర్చుందుమో దానిని యంత్రము ముందుకు తెచ్చును. మనకు మేలైనది ఏది అని అది అడుగదు. నేడు ఏ కూర వండవలెనో సంతలో అమ్మువాని యిష్టమునకు విడిచిపెట్టు ఇల్లాలు కలదా? కడుపునకు పెట్టుదానియందు ఇంత జాగ్రత్త గలవారము కన్నులకు పెట్టుదానియందు ఏల ఊరకుందుము? ఎంచుకొనకపోవుట స్వేచ్ఛ కాదు. అది మన పనిని పరుల చేతికి అప్పగించుటయే.

కొందరు సర్టిఫికెట్టు చూచి ఎంచుకొందురు. ఇది మంచి అలవాటే. 1952వ సంవత్సరపు సినిమాటోగ్రాఫ్ చట్టము క్రింద, హాళ్లలో ఆడు చిత్రములకు బోర్డువారు సర్టిఫికెట్టు ఇచ్చుచున్నారు. అందరికిని తగినది 'యు'; పెద్దలకు మాత్రమే తగినది 'ఎ'. 1983లో ఈ రెంటి నడుమ 'యుఎ' చేర్చబడెను. 2024లో ఆ 'యుఎ' 7, 13, 16 ఏండ్ల మెట్లుగా విభజింపబడినది. ఇంటర్నెట్టు ద్వారా ఇంటికి వచ్చు చిత్రములకైతే, 2021 నాటి నియమముల ప్రకారము చూపించు సంస్థలే వయస్సు గుర్తులు వేయవలెను; 13 ఏండ్లు, అంతకు పైబడిన గుర్తు గలవాటికి తలిదండ్రులు తాళము వేసికొను వీలు కల్పింపవలెను. ఈ తాళము సంగతి ఎరుగని తలిదండ్రులు మన గ్రామములలో అనేకులు గలరు. చదువుకొన్న యౌవనులారా, వారికి నేర్పుడి. అయినను సర్టిఫికెట్టు చేనికి కంచె వంటిది. పశువు లోపలికి రాకుండ కంచె కాపాడును గాని, చేనిలో ఏ పంట వేయవలెనో చెప్పదు.

మరికొందరు రకమును బట్టి తీర్పు తీర్చుదురు. భక్తి చిత్రమైనచో మంచిది, నేరకథయైనచో చెడ్డది అందురు. ఇదియు చాలదు. 1956లో వచ్చిన 'ది టెన్ కమాండ్‌మెంట్స్' అను అమెరికా చిత్రములో మోషేమీద మనసుపడిన రాజకుమార్తె కథ చాల దూరము నడచును; నిర్గమకాండములో అట్టి కథ లేదు. పరిశుద్ధ గ్రంథము పేరు పెట్టుకొన్నంతమాత్రమున అంతయు గ్రంథము కాదు. 1978లో వచ్చిన 'కరుణామయుడు' గ్రామములలో తెర కట్టి అనేకమారులు చూపబడినది. సిలువ దృశ్యమునొద్ద కన్నీరు కార్చినవారెందరో గలరు. ఆ కన్నీరు మంచిదే. కాని తెరమీది సిలువయొద్ద ఏడ్చినవాడు మరునాడు కూలివాని కూలి తగ్గించినయెడల, ఆ కన్నీటి ఫలమెక్కడ?

మరియొక ప్రక్క పరిశుద్ధ గ్రంథమునే చూడుడి. న్యాయాధిపతుల కాలపు రక్తపాతము, రాజు చేసిన వ్యభిచారము, యోబు దుఃఖము, అత్తాకోడండ్రైన నయోమి రూతుల కథ, అన్నియు అందులో గలవు. కీడును ఉన్నదున్నట్లు చూపుట వేరు. దానిని కోరదగినదిగా చూపుట వేరు. పౌలు ఫిలిప్పీ సంఘమునకు ధ్యానింపదగినవాటిని వరుసగా చెప్పినప్పుడు సత్యమైనదానిని మొదట నిలిపెను, పవిత్రమైనదానిని విడువలేదు. ఈ రెంటిని కలిపి చూడవలెను.

అట్లయినచో కథను కొలుచు కొలబద్ద ఏది? నాతాను ప్రవక్తను జ్ఞాపకము చేసికొనుడి. దావీదు ఊరియా భార్యను తీసికొని, ఊరియాను చంపించెను. ప్రవక్త వచ్చి నేరుగా గద్దింపలేదు. ఒక కథ చెప్పెను. విస్తారమైన మందలు గల ధనవంతుడు బీదవాని యొక్క ఒకేయొక గొఱ్ఱెపిల్లను తీసికొని వండించిన కథ అది. రాజు కోపముతో మండిపడి ఆ ధనవంతునికి మరణశిక్ష పలికెను. అప్పుడు ప్రవక్త, ఆ ధనవంతుడు మరెవరో కాదు, సింహాసనముమీద కూర్చున్న రాజే అని తేటపరచెను. కథ యొక్క బలమిది. అది మనచేత ఇతరులకు తీర్పు తీర్పించి, ఆ తీర్పును మనవైపు త్రిప్పును. కోపము పుట్టించి అంతటితో విడిచిపెట్టు చిత్రము సగము కథయే. కథానాయకుడు నూరుమందిని నరుకుచుండగా మనము ఈలలు వేసి, మనమే ఆ వీరులమని తలంచి నిద్రపోయినయెడల, నాతాను మన యింటికి రాలేదన్నమాట.

ఇందుకు 2023లో వచ్చిన 'బలగం' అను చిత్రము చక్కని ఉదాహరణ. తెలంగాణ పల్లెలో ఒక ముసలివాడు చనిపోవును. పెట్టిన పిండమును కాకి ముట్టదు. ఆ యింట ఎప్పుడో భోజనమునొద్ద నల్లిబొక్క విషయమై వచ్చిన పంతము ఏండ్లు గడచినను చల్లారలేదు. తెలంగాణలో అనేక గ్రామములవారు ఊరి నడుమ తెర కట్టి ఈ చిత్రమును కలిసి చూచిరి. మాటలు మానుకొన్న తోబుట్టువులు దీనిని చూచి ఒకటైరని పత్రికలలో వచ్చినది. కాకి ఆచారము మనది కాదు గనుక ఈ చిత్రము మనకు పనికిరాదని ఒకరు అనవచ్చును. మేమనునదేమనగా, ఆచారము మనది కాకపోవచ్చును గాని ఆ నల్లిబొక్క మనదే. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టె తీసికొనుచు, గుడి వాకిట ఒకరినొకరు పలుకరింపక వెళ్లు అన్నదమ్ములు మనలో లేరా?

1938లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన 'మాలపిల్ల' కూడ అట్టిదే. చలము కథ ఆధారముగా, అంటరానితనమును ఎదిరించి ఆ కాలమందే తీసిన చిత్రమది. అంటరానితనము యొక్క నొప్పి మన పెద్దలు అనుభవించినదే గనుక, అట్టి చిత్రము చూచునప్పుడు మన గుండె ఉప్పొంగుట సహజము, న్యాయము. కాని మనవైపు వ్రేలు చూపువాడు ఇక్కడను నిలిచియున్నాడు. మన సంఘములోనే ఒక పేటవారికిని ఇంకొక పేటవారికిని పెండ్లి మాట వచ్చినప్పుడు మనము పలుకు మాటలు ఎవరి మాటలు?

అన్ని చిత్రములు మనలను గద్దింపవలెనని మేము చెప్పుట లేదు. పగలంతయు పొలములో వంగి పనిచేసిన దేహమునకు నవ్వు కూడ దేవుని యీవియే. 1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన 'మిస్సమ్మ'ను చూడుడి. అందులో సావిత్రి ధరించినది మేరీ అను క్రైస్తవ యువతి పాత్ర. ఉద్యోగము దొరకక, ఒక హిందూ యువకునితో కలిసి భార్యాభర్తలమని చెప్పుకొని ఆమె బడిపంతులమ్మగా చేరును. చివరకు ఆమె చిన్ననాడు తప్పిపోయిన జమీందారు కుమార్తె యని తెలియును. ఈ చిత్రము చూచి హాయిగా నవ్వుకొందుము. నవ్విన పిమ్మట, ఆమెను పెంచిన క్రైస్తవ తలిదండ్రుల మనసు ఎట్లుండెనో పిల్లలతో మాటలాడుకొనవచ్చును.

హాస్యమునకు మేము చెప్పు పరీక్ష ఒకటే: ఎవరిని చూచి నవ్వుచున్నాము? నత్తిగా మాటలాడువానిని, నల్లని పిల్లను, కుంటివానిని, పల్లెటూరి యాసను ఎగతాళి చేసి నవ్వించు దృశ్యములు మన చిత్రములలో కొల్లలు. అట్టివారు మన చాపమీదనే మన ప్రక్కన కూర్చున్నయెడల ఆ నవ్వు నోట వచ్చునా? రానిచో, వారు లేనప్పుడు కూడ రాకూడదు.

ఇక పౌరాణికములు. 1957లో కె.వి. రెడ్డి తీసిన 'మాయాబజార్' విశ్వాసి యింట చూడవచ్చునా అని మమ్మును అడిగినవారు గలరు. శశిరేఖ పెండ్లి కొరకు ఘటోత్కచుడు చేసిన సందడి, ఎస్.వి. రంగారావు నటన తెలుగువారందరి సొత్తైనవి. ఈ ప్రశ్నకు పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసినదే దారి. విగ్రహములకు అర్పించిన మాంసమును గూర్చి ఆయన చెప్పినదేమి? తెలివిగలవానికి ఆ మాంసము మాంసమే. కాని నిన్నటివరకు ఆ పూజలో నున్న సహోదరుని మనస్సాక్షి గాయపడునట్లయితే, ప్రేమ తన స్వేచ్ఛను మానుకొనును. ఒక యింట దానిని కథగా చూచి ఆనందింతురు, వారిని నిందింపవద్దు. మరియొక యింట క్రొత్తగా బాప్తిస్మము పొందిన అత్తగారు అదే తెరను చూచి కలత చెందును. ఆమె యెదుట దానిని పెట్టవద్దు. పెట్టకుండుట భయము కాదు, ప్రేమ. చూచువారు ఇరుగుపొరుగువారి దేవతలను హేళన చేయుచు చూడవద్దు. అది సాక్ష్యము కాదు, మర్యాదయు కాదు.

దయ్యపు కథలను గూర్చి ఒక్క మాట చాలును. పెద్దలకు వేడుకైనది పసివానికి రాత్రియంతయు వణుకు. వాడు ఆ గదిలోనున్నంతవరకు అది మన చిత్రము కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. ఎంచుకొనువారెవరు? యంత్రము కాకూడదని చెప్పితిమి. అయితే దాని చేతినుండి తీసికొని ఇంటి యజమాని ఒక్కడే పట్టుకొనుటయు తగదు. మేము గృహదర్శనములలో గమనించినదేమనగా, తండ్రికి ఒక చిత్రము, కుమారునికి ఒకటి, కుమార్తెకు ఒకటి గలదు. తల్లికి మాత్రము ఏదియు లేదు. ఆమె అన్నము వడ్డించి, అంట్లు తోమి వచ్చుసరికి కథ సగమై యుండును, "ఏమి జరిగినది?" అని అడిగిన ఎవరును చెప్పరు. ఏ రకపు చిత్రమైనను, ఎంత మంచిదైనను, ఒకరి చాకిరిమీద తక్కినవారు కూర్చుండి చూచినయెడల ఆ యింట ప్రేమ లేదని ఆ చాపయే సాక్ష్యమిచ్చును.

గనుక మా మనవి యిది. వారమునకు ఒక్క చిత్రము చాలును. ముందుగానే మాటలాడుకొని నిర్ణయించుడి. ఒక వారము తల్లి, ఒక వారము అమ్మమ్మ, ఒక వారము చిన్నవాడు ఎంచుకొనవలెను. తన వంతు కాని వారమున ఇతరుల యిష్టమును ఓర్చుకొని చూచుట కూడ క్రైస్తవ శిక్షణయే. పని అందరును పంచుకొని, అంట్లు తోమిన పిమ్మట అందరును కలిసి కూర్చుండుడి. ముగిసిన వెంటనే యంత్రమును ఆపి, పావుగంట మాటలాడుడి. ఈ కథలో మనమెవరము? మనము నవ్వినప్పుడు ఎవరు నొచ్చుకొనిరి? రేపు ఎవరిని పలుకరింపవలెను? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెదకు కుటుంబమునకు పౌరాణికమైనను, సాంఘికమైనను, హాస్యమైనను మేలే చేయును. ఈ ప్రశ్నలు అడుగని కుటుంబమునకు భక్తి చిత్రమును కాలక్షేపమే.

ప్రభువు మన కన్నులను, మన చాపను, మన సాయంకాలములను కాపాడునుగాక. ఆమేన్.