ఆశ్రయమును ఋణమును



ఈశ్వరుని తత్త్వము నెఱుంగగోరువారికి సద్గ్రంథములు, సత్పురుషుల సాంగత్యము, అంతరాత్మ ప్రబోధము అను మూడు మార్గములను పెద్దలు చెప్పియున్నారు. నాలుగవదియు నొకటి గలదు. అది కన్నులు తెఱచి సృష్టిని జదువుట. గ్రంథమునందు లేఖకుని తప్పు లుండవచ్చును; వ్యాఖ్యాతలు తమ పక్షమునకు వంచిన యర్థము లుండవచ్చును. కొండయు సముద్రమును మాత్ర మే పక్షమువారి సాక్షులును గాక, అడిగినవారి కెల్ల నొక్కతీరుననే యుత్తర మిచ్చును. నేటి యుపన్యాసమునకు మే మట్టి సాక్షి నొకదానిని గైకొనుచున్నాము. అది విశాఖపట్టణము చెంత సముద్రములోనికి జొచ్చుకొనిపోయిన రాతికొండ. ఓడవాండ్రు దాని యాకారమునుబట్టి డాల్ఫిన్స్ నోస్ అని పేరిడిరి. ఇరుగుపొరుగువారు యారాడ కొండ యందురు. మేము మిత్రులతో గూడ దీపస్తంభమువఱ కెక్కి చూచినపుడు మనస్సున నిలిచిన విషయములను మీ ముందుంచుచున్నాము.

మొదట స్థలస్వరూపము చెప్పవలెను. తూర్పుకనుమల శాఖ యొకటి యిచ్చట సముద్రమును దాకుచున్నది. కొండశిఖరము వేయి యడుగులకు మించిన యెత్తు. దక్షిణమున దాని పాదముకడ యారాడ యిసుకతీరమును గొబ్బరితోటలును; ఉత్తరమున నొక జలమార్గమును, దాని కావలి యొడ్డున పట్టణమును. పూర్వ మా జలమార్గము గెడ్డల నీరు సముద్రమున గలియు నుప్పుటేరు మాత్రమే. కొండపై దీపస్తంభము 1957వ సంవత్సరమునుండి వెలుగుచున్నది. తూర్పున జూచిన నీరు, ఆకాశము. పడమట జూచిన నోడలు, క్రేనులు, పొగగొట్టములు. రెంటినడుమ కదలక నిలిచినది శిల.

ఈ శిలను భూగర్భశాస్త్రజ్ఞులు ఖొండలైటు అందురు. తూర్పుకనుమలలో నివసించు ఖోండు జనుల పేరుమీదుగా వాకరు అను శాస్త్రజ్ఞుడు 1902లో దీని కాపేరు పెట్టెను. నాగరకుల మనుకొనువారు త్రోసివేసిన కొండజాతి పేరు, వారు నిలుచున్న ఱాతికే పేరయినది! చేతబట్టి చూచిన దీనియం దెఱ్ఱని గార్నెట్టు పలుకులు మినుకుమనును. ఇది మొదట నీటియడుగున బేరుకొన్న బురద. అది భూమిలోతునకు గ్రుంగి, యచ్చటి వేడిమికిని నొత్తిడికిని లోబడి, సుమారు నూఱుకోట్ల సంవత్సరములకు బూర్వము శిలయై, పిమ్మట పైకి లేచినది. నా డీ భూభాగము నేటి అంటార్కిటికా ఖండముతో నంటియుండెను. రమారమి పదుమూడుకోట్ల సంవత్సరములకు బూర్వము రెండును విడిపోయెను. ముప్పదియేండ్లు దాటిన పత్రమును సాక్ష్యచట్టము గౌరవించుచున్నది. ఆ పత్రములను జేతబట్టుకొని, ఇది మాది, ఇది మీది యని జీవితకాలము వాదించు మా వృత్తివా రొక్కతూరి యీ శిలమీద గూర్చుండిన, స్వామ్యమను మాట నోటినుండి మెల్లగా వచ్చును.

జలమార్గమున కావలి యొడ్డున, ఈ కొండ కెదురుగా మూడు గుట్టలున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి కోవెల, ఒకదానిపై మేరీమాత ప్రార్థనాలయము, ఒకదానిపై మహమ్మదీయ సాధువు దర్గా. క్రైస్తవాలయమున్న గుట్టకు రాస్ కొండ యని పేరు. పందొమ్మిదవ శతాబ్దమున రాస్ అను దొర యచ్చట నిల్లు గట్టుకొనుటచే నాపేరు వచ్చినది. రేవులోనికి వచ్చు నోడలు పతాకము నెత్తి దింపి దర్గాలోని సాధువునకు వందన మొనర్చెడివని చెప్పుదురు. ఇంకను నుత్తరమునకు భీమునిపట్టణపు దారిలో తొట్లకొండ యున్నది. వాననీటిని నిలువజేయుటకు బౌద్ధభిక్షువులు శిలలో దొలిచిన తొట్లవలన నాపేరు కలిగెను. 1988 మొదలు 1993 వఱకు జరిగిన త్రవ్వకములలో వారి విహారములు బయలుపడినవి. ఒక్కొక్క గుట్టమీద నిలిచినవానికి తక్కిన గుట్ట లన్యముగా దోచును. సముద్రమునుండి వచ్చువానికి మాత్ర మవి యన్నియు నొక్క తీరపు గుఱుతులే. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను పట్టణపు కొండలమీది పచ్చదనమును మతభేద మెఱుంగకయే యూడ్చివేసెను. విపత్తునకు లేని భేదమును భక్తికి గల్పించుట యెవరికి లాభము? ఈ మాట మీరు పలుమాఱు విన్నదే గనుక నిచ్చట నాపుదుము. మేము ముఖ్యముగా జెప్పదలచిన దింకొకటి.

1933కు బూర్వము విశాఖపట్టణమున నోడలు తీరమునకు దూరముగా లంగరు వేసికొనెడివి. సరకులను మనుష్యులను మసూలా పడవలలో గెరటములమీదుగా దెచ్చెడివారు. ఆ పడవల పలకలను మేకులతో బిగింపక త్రాళ్లతో గుట్టెడివారు. అలల దెబ్బకు విఱుగక వంగుట కది యుపాయము. ఎంత యుపాయమున్నను బ్రాణభయము తప్పినది కాదు. 1927లో పని యారంభమై, 1933లో నోడరేవు తెఱవబడెను. దక్షిణమునుండి వచ్చు గాలిని నలలను కొండ యడ్డగించి సహజమైన కోటగోడవలె నిలిచినది. అదియు జాలనందున పాత యోడలు రెంటిని రాళ్లతో నింపి ముంచి, యలకట్టగా జేసిరి. 1948వ సంవత్సరము మార్చి 14వ తేదీని జల ఉష యను నోడ యీ చెంతనే నిర్మింపబడి నీట దిగెను. ఎన్ని సంసారముల కీ కొండనీడ యన్నము పెట్టినదో లెక్కింప నలవికాదు.

ఇది యాశ్రయము. ఇక ఋణమును వినుడు.

తీరమునందలి యిసుక స్థిరముగా నున్నట్లు తోచును, నిజమునకది నిత్యయాత్రికుడు. నైరృతి ఋతుపవనకాలమున నలలు తీరమునకు నేటవాలుగా వచ్చి యిసుకను దక్షిణమునుండి యుత్తరమునకు నడుపును. ఈశాన్య ఋతుపవనకాలమున గొంత వెనుకకు మరలును. ఏడాది మొత్తము మీద జూచిన నుత్తరమునకు బోవునదియే యెక్కువ. కొండకును నలకట్టకును జేరినపు డా యిసుక యాగును. 1970వ దశకమున వెలుపలి రేవు నిర్మింపబడిన పిమ్మట నీ యడ్డు మఱింత పెరిగినది. రేవునకు గలిగిన శాంతికి మూల్యము రేవున కావల నున్న తీరము చెల్లింపవలసి వచ్చెను. అచ్చట నల పూర్వమువలెనే యిసుకను గొనిపోవును. తెచ్చి యిచ్చుట కేమియు మిగులదు. తీరము కోతపడును. అందువలన రేవున నాగిన యిసుకను పూడికదీయు నోడలతో దీసి, పట్టణపు తీరమునకు జేర్చు నేర్పాటు చేయవలసి వచ్చెను.

ఉత్తరతీరమున వల లారబెట్టుకొను జాలరి మాయొద్దకు వచ్చి, నాకొక వ్యాజ్యము వేసిపెట్టు డనిన, మేము జంకుదుము. అతని యిసుకను దొంగిలించినవా డెవడును లేడు. అతని ముంగిటి కింకను రాని యిసుక త్రోవలో నాగినది, అంతియే. ఉన్నదానిని గొనిపోయి రనుటకు సాక్ష్యము దొరకును. రావలసినది రాలే దనుటకు సాక్షి యెవడు?

మహాశయులారా, ఈ ప్రశ్న సముద్రతీరముతో ముగియదు. మన యిండ్లలో గిన్నెలు తోము స్త్రీ యిరువదియేండ్లు పనిచేసినది. మన బిడ్డలు చదువులు ముగించి యుద్యోగములకు బోయిరి. ఆమె కూతురు చదువు మాని తల్లివెంట మన వాకిటికే వచ్చినది. మన మేమి దీసికొంటిమి? జీతము నెలనెల నిచ్చితిమి. పండుగకు జీర పెట్టితిమి. పుస్తకములలో బాకీ యెచ్చటను గానరాదు. అయినను ఆ తల్లి ప్రొద్దులు, తన బిడ్డను దగ్గఱ గూర్చుండబెట్టుకొని గడపవలసిన సాయంకాలములు, మన గోడల వెనుక నాగిపోయినవి. మఱియు, తమ్ముని చదువున కని తన చదువు మానిన యక్కయ్య యెన్ని కుటుంబములలో లేదు? ఆమె పేర దస్తావేజు లేదు, సాక్షి లేడు, ఫిర్యాదు లేదు. తమ్ముని గోడమీద పట్టముమాత్రము వ్రేలాడుచున్నది.

మేమేమి తప్పు చేసితి మని కొంద ఱడుగుదురు. తప్పని మే మనలేదు. కొండ తప్పు చేసినదా? అలకట్ట గట్టినవాడు జాలరికి గీడు దలచెనా? దోషము వేఱు, ఋణము వేఱు. దోషమునకు దలంపు కావలయును. ఋణమునకు లాభము పొందుట చాలును. తండ్రి యప్పును దా జేయకపోయినను, తండ్రి యాస్తి ననుభవించు కుమారు డంతవఱకు దీర్చవలయునని యొప్పుకొందుము గదా! నిర్దోషిత్వమును రుజువుపఱచుకొని యింటికి బోవువాడు సగము విచారణ మాత్రమే ముగించినవాడు.

అట్లయిన గట్టను పడగొట్టవలెనా యని మఱికొంద ఱడుగుదురు. వలదు. కట్టను గూల్చిన నోడలు మునుగును. జాలరి కేమియు లాభింపదు. మన చదువును, మన శాంతిని బాఱవైచిన నా బాలికకు నక్షరము రాదు. చేయవలసిన దానిని రేవే చూపుచున్నది: ఆగిన యిసుక నావలి తీరమునకు జేర్చుట. ఇందు మూడు విషయములు గమనింపుడు. అది యొక్కనాటి యుత్సవము గాదు; చేర్చిన యిసుకను నలలు మరల గొనిపోవును గనుక, మరల మరల జేయవలయును. అది మనకు దోచినంత గాదు. ఎంత యాగినదో కొలిచి చేయవలయును. అది దానము గాదు. నడచిపోవలసిన దానిని నడచిపోనిచ్చుటయే. కావున నా బాలిక బడిజీతము గట్టిన నాడు మన మామె తల్లి నమస్కారమునకై వాకిట నిలువబనిలేదు. అక్కయ్యకు నాస్తిలో భాగ మిచ్చిన నాడు బంధువుల ప్రశంస కెదురుచూడబనిలేదు. బాకీ చెల్లించి రసీదు పుచ్చుకొనుట కెవడు గర్వించును?

తుద కొక్క మాట. ప్రపంచమున నే యాశ్రయమును నీడలేక యుండదు. కోట గట్టిన వెలుపల నొకడు మిగులును. పందిరి వేసిన నావల నెండ పడును. ఇతరుని భాగమును ద్రోవలో నాపక యాశ్రయ మిచ్చువాడు పరమేశ్వరు డొక్కడే. ఆయన సన్నిధి నొకడు చేరినందున మఱొకనికి జోటు తఱుగదు. ఆయన శరణు జొచ్చితి మనుకొనువాని కదియే పరీక్ష. వాని శాంతి యొరుల తీరమును గోయుచున్న దేని, వాడు చేరినది భగవంతుని రేవు గాదు, తన రేవే.

ఓ దయామయా! బురదను శిలగా జేసితివి. ఆ శిలను తిరిగి యిసుకరేణువులుగా జేసి యెల్ల తీరములకు బంచుచున్నావు. నీవు పంచినదానిని మే మాపుకొన్న చోట్లను మాకు జూపుము. సాక్షి లేని ఋణములకు నీవే సాక్షివి. అడుగలేనివారి పక్షమున మా యంతరాత్మయం దడుగుము. దోషము లేదను తృప్తిలో మమ్ము నిద్రింపనీకుము. మా చేతులలో నాగిన దానిని సిగ్గులేకయు గర్వములేకయు ముందునకు సాగింప బలము దయచేయుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.