పొరుగింటి కేక

మన పల్లెలలో "మనకెందుకొచ్చిన గొడవ" అను మాట మిక్కిలి బుద్ధిగల మాటగా ఎంచబడుచున్నది. రాత్రివేళ ప్రక్కయింట స్త్రీ యేడ్పు వినబడినయెడల, అది ఆలుమగల సంగతియని తలుపు గడియ వేసికొని పండుకొందుము. తెల్లవారిన తరువాత ఆమెకు కాసింత గంజి పంపుదుము; దానినే కనికరమని తలంతుము. నేనును ఈలాగు పండుకొన్నవాడనే గనుక ఇతరులమీద నేరము మోపుటకు దీనిని వ్రాయుటలేదు.

మంచి సమరయుని కథ మీరెరుగుదురు. దొంగలు వెళ్లిపోయిన తరువాతనే అతడు ఆ త్రోవను వచ్చెను. దెబ్బలు పడుచుండగానే వచ్చియుండినయెడల అతడేమి చేయవలసినది? చెట్టుచాటున నిలిచి, కొట్టుట ముగిసిన పిమ్మట గాయములు కట్టుట చాలునా?

నెల్లూరు జిల్లాలోని దూబగుంట స్త్రీలకు 1992 ప్రాంతమున ఇట్టి ప్రశ్నయే ఎదురాయెను. అప్పుడు వారుణి వాహిని అను ప్రభుత్వ పథకముచేత సారా పొట్లములలో నింపబడి గుడిసెల చెంతకే వచ్చుచుండెను. కూలిడబ్బు ఇల్లు చేరకమునుపే హరించిపోవుచుండెను. అక్షరదీపమను చదువుల ఉద్యమములో పలక పట్టిన స్త్రీలు రాత్రివేళ కూడుకొని, అక్షరములతోపాటు తమ కష్టములను ఒకరితో ఒకరు చెప్పుకొనిరి. నా మట్టుకు నాకు ఇదియే అన్నిటికంటె గొప్ప మార్పుగా తోచుచున్నది. ఎవరి యింట వారు సిగ్గుతో దాచుకొన్న దుఃఖము వీధివీధంతటిదని తేలెను. పిమ్మట వర్ధినేని రోశమ్మ మొదలైనవారు తమ ఊరికి సారా రానియ్యక అడ్డుపడిరి. ఆ కథ వాచకములో పాఠమాయెను. దానిని చదివిన యితర గ్రామముల స్త్రీలును లేచి, సారా వేలంపాటలనే జరుగనియ్యక ఆపిరి.

ఇది నెమ్మదిగా జరిగిన పని కాదు. పెనిమిటిని ఎదిరించుట, తోటి ఊరివాని బేరము చెడగొట్టుట సామాన్యమా? వీరు ఊరి సమాధానమును పాడుచేసిరని యెవరైన అనవచ్చును. అయితే ఒకరి నోరు మూసియుంచుటచేత నిలిచిన సమాధానము ఎవరికి సమాధానము?

1993 అక్టోబరు 1న సారా రాష్ట్రమంతట నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. అంతయు వ్యర్థమాయెనని కొందరందురు. నేనట్లనను. ఆ తరువాతి కాలమున మా వీధిలో బెల్టుషాపు వెలిసినప్పుడు, "ఆ నెల్లూరు ఆడవాళ్లకు చేతనైనది మనకెందుకు చేతకాదు" అని మన స్త్రీలే దానిని మూయించిరి.

అయితే అసలు కష్టము అప్పుడే కనబడినది. అమ్మినవాడును మన పొరుగువాడే గదా! మరునాడు వాని భార్య బిందెతో బోరింగు దగ్గరకు వచ్చినప్పుడు ఎవరును చోటియ్యలేదు. ఆమె తల వంచుకొని చాలసేపు నిలిచెను. ముందటి దినమున వానిని అందరికంటె గట్టిగా తిట్టిన ముసలమ్మ తన బిందెను ప్రక్కకు జరిపి, "కోపం నీ మొగుడిమీద గాని, నీ బిందెమీద కాదే అమ్మా, పట్టుకో" అని, తానే బోరింగు కొట్టనారంభించెను.