సేవ పేరిట వెట్టి

కొన్నేళ్ళ కిందటి మాట. రాత్రి పదకొండింటికి మా సంస్థ ఫోను మోగింది. ఇల్లు వదిలి వచ్చేసిన పదిహేనేళ్ళ పిల్ల రైల్వే స్టేషన్‌లో ఉందని కబురు. మా కార్యకర్త వెళ్ళింది. పిల్లను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరిచి, తల్లిదండ్రులతో మాట్లాడి తను ఇల్లు చేరేసరికి మర్నాడు సాయంత్రమైంది. తన కొడుక్కి జ్వరంగా ఉందని, ఒక్కరోజు సెలవు కావాలని అడిగింది. "ఇది ఉద్యోగం కాదమ్మా, సేవ" అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా పనిలోకి వచ్చింది.

ఆ మాట అన్నది న్యాయశాస్త్రం చదివినవాణ్ణి, త్రిశరణ పంచశీలాలు స్వీకరించినవాణ్ణి. అందుకే ఈ ప్రశ్న నన్ను వదలదు: కరుణతో చేసే పనికి కూలి అడగడం స్వార్థమా?

మిత్రులారా, మన తాతముత్తాతలు ఊరికి చేసిన చాకిరీని కూడా పెద్దలు ధర్మమనే అన్నారు. కూలి ఎగ్గొట్టడానికి పవిత్రమైన పేరు పెట్టడం పాత ఎత్తుగడ. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా ఆ అధికరణ కిందికే వస్తుందని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1946లో, కార్ఖానాల్లో పనికి వారానికి 48 గంటల పరిమితి వచ్చింది. కార్ఖానాలో అలిసిపోయే ఒళ్ళు సేవాసంస్థలో అలిసిపోదా?

బుద్ధుడు ఈ సంగతిని ఏనాడో చూశాడు. సిగాలోవాద సుత్తంలో యజమాని బాధ్యతలు ఐదు చెప్పాడు: శక్తికి తగిన పని ఇవ్వడం, తిండీ జీతమూ ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, మంచి పదార్థాలు పంచుకోవడం, వేళకు సెలవివ్వడం. దాతృత్వ సంస్థలకు ఇందులో మినహాయింపు లేదు.

దానం ఉంది కదా అనవచ్చు. ఆదివారం వచ్చి మా పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారుది దానమే. రేపు రాలేనని ఆయన అనగలడు. నెల జీతంతో ఇల్లు గడుపుకునే మనిషి అలా అనలేదు. కాదనే వీలులేని చోట ఇచ్చింది దానం కాదు. దాన్ని పుచ్చుకోవడం అదిన్నాదానం. రెండో శీలం మనం జేబుదొంగల కోసం మాత్రమే పఠించడం లేదు.

సంస్థల ఇబ్బంది కూడా నిజమే. దాతలు పలకలకూ దుప్పట్లకూ ఇచ్చినంత ఇష్టంగా జీతాలకు ఇవ్వరు. విదేశీ విరాళాల్లో పరిపాలనా ఖర్చు పరిమితిని 2020లో 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. జీతాలు పెంచితే కొందరు పిల్లలను చేర్చుకోలేమని నేనూ వాదించాను. కానీ ఆ లోటును ఎవరు పూడుస్తున్నారు? సంస్థలో అందరికన్నా తక్కువ జీతం తీసుకునే మనిషి. ఆ సంగతి దాతకు చెప్పకుండా ఆమె చేత మోయించడం కరుణ కాదు. అలిసిపోయిన మనిషి ఏడుస్తున్న పిల్ల మాట ఓపికగా వినలేదు కూడా. చివరికి నష్టపోయేది ఆ పిల్లే.

ఇప్పుడు మా దగ్గర రాత్రి పనికి మర్నాడు సెలవు. జీతాల ఖర్చును దాతల ముందు దాచకుండా రాస్తున్నాం. నిధులు చాలకపోతే కొత్త కేసులను వేరే సంస్థకు పంపుతున్నాం. అది తేలిక కాదు, పంపిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది.

ఆమె మా దగ్గర మానేసి చాలా కాలమైంది. ఆనాటి సెలవు ఆమెకు ఇప్పుడు ఇవ్వలేను. ఆమె కుర్చీలో ఇవాళ కూర్చున్న అమ్మాయికి ఇవ్వగలను.