కానుకగా ఒక కొండ

పండగ వస్తోందంటే పిల్లలకేమివ్వాలన్న సమస్య ముందుగా వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. బట్టలెలాగూ కొంటాం, వాటిని వాళ్లు కానుకల కింద లెక్కెయ్యరు. బొమ్మలు భోగినాడిస్తే కనుమకి చక్రాలూడతాయి. పుస్తకాలిద్దామంటే - నవలలు రాసుకునేదాన్ని, నా నోటితో నేను చెప్పకూడదుగానీ - "థాంక్స్ పెద్దమ్మా" అని బల్లమీద పెట్టి పారిపోతారు. అంచేత మా ఇళ్లల్లో ఈ మధ్య సినిమానే కానుకగా ఇస్తున్నాం. మంచిదొకటి ముందే ఏరి ఉంచడం, సంక్రాంతి సెలవుల్లో ఓ సాయంత్రం అందరూ హాల్లో చాపలేసుక్కూర్చుని చూడ్డం.

ఆ ఏరడంలోనే ఉంది తమాషా అంతా. మగపిల్లలకైతే కొండలెక్కేవీ, మంచులో చిక్కుకునేవీ, అడవుల్లో దారి తప్పేవీ ఏరతాం. ఆడపిల్లలకి పాటలూ, డాన్సులూ ఉన్నవి. ఇలాగని ఎవరు చెప్పారు మనకి? ఎవరూ చెప్పలేదు. గాజులూ గోళీలూ వేరు చేసిన చెయ్యే వీటినీ వేరు చేస్తుంది.

మాది గుంటూరు. ఇక్కణ్ణుంచి ఒంగోలు వైపు బస్సెక్కితే చూపు ఆనినంతమేరా పొలాలే; పత్తి, మిరప. కొండంటే మాకు నర్సరావుపేట దగ్గర కోటప్పకొండ, కాదంటే రెడ్డిరాజుల కొండవీడు. మంచుకొండల్ని తెరమీద చూడవలసిందే.

ఈసారి "పూర్ణ" సినిమా ఏరాం. నిజామాబాద్ జిల్లా పాకాలలో వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ, 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండా ఎవరెస్టు ఎక్కేసింది. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతో ఎక్కాడు. ఆ కథని 2017లో రాహుల్ బోస్ హిందీలో తీశాడు. మన పిల్ల కథని హిందీలో చూడవలసొచ్చిందే అని కాస్త చివుక్కుమంది. అయినా చూశాం, చప్పట్లు కొట్టాం, కళ్లొత్తుకున్నాం.

అప్పుడు మా చెల్లెలి కూతురు, పన్నెండేళ్లది, అడిగింది: "పెద్దమ్మా, నేనూ నేర్చుకుంటా. పంపిస్తారా?"

హాలంతా నిశ్శబ్దం. ఆఖరికి వాళ్ల నాయనమ్మ గారే అన్నారు: "చూడమన్నాంగానీ ఎక్కమన్నామా తల్లీ?"

అందరూ నవ్వారు, పిల్ల తప్ప.

ఆ మాట నన్ను పట్టుకుంది. దారి తెరవని ఇంట్లో ఆశ పుట్టించే హక్కు మనకుందా? కాళ్లకి పట్టీలు పెట్టి నడవొద్దన్నట్టు కాదూ ఇది? పరాయి పిల్ల సాహసానికి చప్పట్లు కొట్టి, మన పిల్ల అడిగేసరికి తలుపు గడియ వేసుకుంటే మనం మెచ్చుకున్నది దేన్ని?

పోనీ, పెద్దావిడ భయం తీసిపారేసేదా అంటే, అదీ కాదు. "ఫ్రీ సోలో" అని 2018లో వచ్చిన అమెరికన్ డాక్యుమెంటరీ ఉంది. అలెక్స్ హానల్డ్ అనే కుర్రాడు 2017 జూన్ 3న, దాదాపు 3,000 అడుగుల నిట్టనిలువు రాతిని తాడు లేకుండా ఎక్కుతాడు. కెమెరా పట్టుకున్న స్నేహితులే చూడలేక తల తిప్పుకుంటారు. తన ప్రాణం తన ఇష్టమే కావచ్చు. కానీ ఆ ప్రాణానికి ముడిపడ్డ మిగతా గుండెల మాటేమిటి? అన్నట్టు, పూర్ణ టిబెట్ వైపునుంచి ఎక్కిన ఆ ఏడాదే, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్లు పోయారు. ఇతరుల యాత్రల కోసం ఆ కొండ మీద పనిచేస్తున్నవాళ్లు. దానిమీద 2015లో "షెర్పా" అనే డాక్యుమెంటరీ వచ్చింది. శిఖరం మీద నిలబడ్డవాడి ఫోటో చూసేటప్పుడు, కింద మోసినవాళ్లెవరో చూపే సినిమా కూడా చూడాలి కదా.

మోసేవాళ్లంటే గుర్తొచ్చింది. మన మిరపచేలల్లో ఎండలో నడుం వంచి, చేతుల మంట ఓర్చుకుంటూ కాయ కోసే ఆడవాళ్లది సాహసం కాదా? వాళ్ల మీద సినిమా ఎవరూ తియ్యరే! తీసినా, "మాకెందుకమ్మా ఆ కొండలు, కడుపు నిండుతుందా?" అంటారేమో. న్యాయమైన ప్రశ్నే. కానీ పూర్ణ తల్లిదండ్రులదీ ఆ కూలిపనే. తప్పక పడే కష్టానికీ, ఇష్టపడి ఎత్తుకునే కష్టానికీ తేడా అక్కడే ఉంది. కూలి బిడ్డకి అందనిది ధైర్యం కాదు, అది పుట్టుకతోనే ఉంది. అందనిది ఎంచుకునే వీలు. గురుకులం ఆ పిల్లకిచ్చింది అదే. ఊరికే ఇవ్వలేదు సుమా! భువనగిరి బండ మీద శిక్షణ, డార్జిలింగ్‌లో శిక్షణ, లడఖ్ చలిలో శిక్షణ, పక్కన శేఖర్ బాబు అనే గురువు. తాడు కట్టి, ఆ తాడు ఎలా పట్టుకోవాలో నేర్పి పంపారు.

అమ్మ భయానికి మందు కూడా అదే కాబోలు. హానల్డ్ తల్లి, డియర్డ్రె వోలౌనిక్ అనే ఆవిడ, కొడుకుని వద్దనలేదు. ఏం చేస్తున్నాడో తెలుసుకోవాలని తనే ఎక్కడం నేర్చుకుంది. 2017లోనే, 66 ఏళ్ల వయసులో, తాళ్లు కట్టుకుని, కొడుకుతో కలిసి ఆ రాయే ఎక్కింది!

మనకీ కొత్తేం కాదు. కోటప్పకొండ మీద గొల్లభామ గుడి ఉంది. నిండు గర్భంతో కూడా స్వామి సేవకోసం రోజూ కొండెక్కిన ఆనందవల్లికి దణ్ణం పెట్టుకునే వస్తాంగదా. ఎక్కిన ఆడదాన్ని గుళ్లో పెట్టి పూజిస్తాం, ఎక్కుతానన్నదాన్ని ఇంట్లో పెట్టి గడియ వేస్తాం.

సాహస చిత్రాలు కానుకివ్వండి, ఆడపిల్లలకీ ఇవ్వండి. ఒక్క మనవి. సినిమా ఏరే ముందే, అది అయిపోయాక ఆ పిల్ల అడగబోయే ప్రశ్నకి జవాబు కూడా ఏరి పెట్టుకోండి. ఎవరెస్టు దాకా అక్కర్లేదు. "ఆదివారం కొండవీడు పోదాం, నాకూ కాస్త చెయ్యి అందించు" అంటే చాలు, మొదటి మెట్టుకి.