పాత పుస్తకం, దొంగ కాపీ

మన యువతలో ఒక వాదన తరచుగా వినిపిస్తోంది. "డీఎస్సీ గైడు పాతది సగం ధరకు కొన్నా రాసినవాళ్లకు రూపాయి చేరదు. ఫోన్ గ్రూపులో పీడీఎఫ్ దించుకున్నా చేరదు. మరి మొదటిది మంచి పని, రెండోది దొంగతనం ఎలా అవుతాయి?" వీడియో గేమ్ డిస్కుల గురించి కూడా ఇదే ప్రశ్న. ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. "తప్పు" అని గద్దించి ఊరుకుంటే జవాబు చెప్పినట్టు కాదు.

ముందు లెక్క చూద్దాం. గైడు వెల 400 రూపాయలనుకుందాం. సీనియర్ 400 పెట్టి కొన్నాడు. అందులో రాసినవాళ్ల వాటా, అచ్చువేసినవాళ్ల వాటా ముట్టాయి. పరీక్ష అయ్యాక దాన్ని జూనియర్‌కు 200కు అమ్మాడు. ఇప్పుడు పుస్తకం జూనియర్ దగ్గర ఉంది, సీనియర్ దగ్గర లేదు. చేతులు మారాయి గాని పుస్తకం ఒక్కటే. పైగా, తర్వాత సగం డబ్బు తిరిగి వస్తుందన్న ధైర్యంతోనే కొందరు కొత్తది కొనగలుగుతారు. హైదరాబాద్ కోఠీలో, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలు నడిచేది ఈ లెక్క మీదే.

అదే గైడును పేజీ పేజీ ఫొటో తీసి గ్రూపులో పెడితే? పెట్టినవాడు ఏదీ వదులుకోలేదు. పొద్దున ఒక్కటిగా ఉన్న పుస్తకం సాయంత్రానికి ఐదువందలైంది. తేడా ఇక్కడుంది. ఈసారి రూపాయి చేరిందా లేదా అన్నది కాదు, ఎవరినీ అడగకుండా కొత్త ప్రతి పుట్టిందా లేదా అన్నది చూడాలి. ఫుట్‌పాత్ మీద మసక అచ్చుతో, పల్చటి కాగితంతో అమ్మే కొత్త పుస్తకం కూడా దొంగ ప్రతే. చవకైనంత మాత్రాన అది పాత పుస్తకం కాదు.

1957 నాటి కాపీరైట్ చట్టం కూడా ఈ తేడానే పాటిస్తుంది. ప్రతులు తీసే హక్కు రచయితది. ఒకసారి అమ్ముడై జనంలోకి వచ్చిన పుస్తకాన్ని మళ్లీ అమ్ముకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. కొన్నవాళ్లకూ హక్కుంది. 2013లో మైక్రోసాఫ్ట్ తన కొత్త ఎక్స్‌బాక్స్ వన్‌లో ఆడే గేమ్ డిస్కులను తిరిగి అమ్ముకోవడానికి, అరువివ్వడానికి షరతులు పెడతామంది. ఆడేవాళ్లు తిరగబడ్డారు. యంత్రం మార్కెట్లోకి రాకముందే, ఆ జూన్‌లోనే, కంపెనీ వెనక్కి తగ్గింది. కొన్న వస్తువు మీద అమ్మినవాళ్ల పెత్తనానికి హద్దుండాలి. ఆ డిస్కుకు మన ఇష్టం వచ్చినన్ని నకళ్లు తీయకపోవడం మన వైపు హద్దు.

ఈ హద్దు మన ఊళ్లకు కొత్త కాదు. అడవిలో ఇప్ప చెట్టుకు కంచె ఉండదు. అయినా ఏ చెట్టు కింద ఏ ఇంటివాళ్లు పువ్వు ఏరుకోవాలో చాలా ఊళ్లలో అందరికీ తెలుసు. ఎవరూ చూడటం లేదని చీకటితో లేచి వెళ్లి ఏరుకొస్తే ఊరు ఊరుకోదు. పీడీఎఫ్‌కూ కంచె లేదు. కంచె లేకపోతే అడగనక్కర్లేదని మన పెద్దలు నేర్పలేదు.

"కొనలేనివాళ్లు ఎలాగూ కొనరు కదా, దించుకుంటే ఎవరికి నష్టం?" ఇది బలమైన మాట. ఏజెన్సీ ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఆడపిల్లకు 400 చిన్న మొత్తం కాదు. ఆమెను దొంగ అనడానికి నాకు నోరు రాదు. కాని ఫైలు ఆమె దగ్గర ఆగదు. జీతం తీసుకునే ఉద్యోగి, డబ్బు వసూలు చేసి గ్రూపు నడిపేవాడు ఆమె పేదరికాన్నే అడ్డం పెట్టుకుంటారు.

ఆమెకు వేరే దారులున్నాయి. బోధన అవసరానికి పుస్తకంలోని భాగాలు జిరాక్స్ తీసుకోవడానికి చట్టమే కొంత వీలిచ్చింది. ఢిల్లీ యూనివర్సిటీలోని ఒక జిరాక్స్ దుకాణం మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన దావాను 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అప్పీలు తర్వాత, 2017లో ఆ సంస్థలే దావాను విరమించుకున్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటితే పుస్తకం అందరిదీ. సవర భాషకు 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అందించిన గిడుగు రామమూర్తి 1940లో కన్నుమూశారు. ఆ పుస్తకాలను ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, ఫోన్లో పంచుకోవచ్చు.

ఇక మన సంగతి. మన పెళ్లి పాటను, థింసా బాణీని ఎవరో రికార్డు చేసుకుపోయి అమ్ముకుంటే మనకు మండుతుంది. తరతరాల పాటకు ఒక్క రచయితను చూపలేం కాబట్టి కాపీరైట్ ఊరికి దక్కదు. రికార్డు చేసినవాళ్లకు మాత్రం ఆ రికార్డింగ్ మీద హక్కుంటుంది. కాబట్టి చట్టం ఒప్పుకున్నదంతా న్యాయం కాదు. అడగడం, వాటా ఇవ్వడం న్యాయం. కేరళలో కాణి ఆదివాసులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో శాస్త్రవేత్తలు 'జీవని' అనే మందు చేశారు. దాని తయారీ హక్కును 1995లో ఒక మందుల కంపెనీకి ఇచ్చినప్పుడు, వచ్చే సొమ్ములో సగం కాణిలకు ఇవ్వాలని నిర్ణయించారు. మన దగ్గర తీసుకునేవాళ్లు అలా అడగాలని కోరుకునే మనం, ఇతరుల దగ్గర తీసుకునేటప్పుడు అడగవద్దా?

ఈ పట్టింపు లేకపోతే మొదట దెబ్బ తినేది మన రచయితలే. సొంత డబ్బుతో 500 ప్రతులు వేసుకున్న కోయ రచయిత పుస్తకం, వంద అమ్ముడుపోకముందే పీడీఎఫ్‌గా తిరిగితే ఆ చేతి నుంచి రెండో పుస్తకం రాదు.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. ఏటా పరీక్షలు కాగానే సీనియర్ల పుస్తకాలు అడిగి తీసుకుని హాస్టల్లో ఒక అల్మరా నింపండి. నలుగురు పిల్లలు కలిసి ఒక కొత్త పుస్తకం కొనుక్కునేలా చూడండి. పుస్తకం దొరక్కపోతే రచయితకే ఉత్తరం రాయించండి. ఉన్న పుస్తకం ఎన్ని చేతులు మారినా మంచిదే. కొత్త ప్రతి తీయాలంటే మాత్రం ముందు అడగాలి.