ఏరుకోదగిన రాయి

మే నెలాఖరు. ఇంగ్లండు దక్షిణ తీరంలోని డోర్సెట్ కౌంటీ. చార్‌మత్ ఊరి పక్కన కారవాన్లు నిలిపే మైదానంలో ఒక తెల్లబండి తలుపు తెరుచుకుంది. రెండు మంటల గ్యాస్ పొయ్యి మీంచి ఉప్మా దించి మూత పెట్టి, ఆమె గుమ్మం మెట్టు మీద కూర్చుంది. భీమిలి చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లు భూగోళం చెప్పి రిటైరైన టీచరు. కొడుకు ఇంటికి వేసవికి వచ్చింది. కొడుకు, కోడలు, ఎనిమిదేళ్ల మనవరాలితో కలిసి అద్దె బండిలో తీరం వెంట తిరుగుతోంది.

"అమ్మా, గిన్నెలు కడిగేటప్పుడు కుళాయి వదిలెయ్యకు. ట్యాంకులో ఉన్న నీళ్లే మనకి" అన్నాడు కొడుకు గొట్టం చుట్టి లోపల పెడుతూ.

ఆ మాట ఆమెకు నచ్చింది. ఈ బండిలో మంచినీళ్లకో ట్యాంకు, వాడిన నీళ్లకో ట్యాంకు. మొదటిది ఎంత తగ్గితే రెండోది అంత నిండుతుంది. నిండినదాన్ని చెప్పిన చోటే వంచి రావాలి, దారి పక్కన వదిలేస్తే కుదరదు. ఎంత తీసుకున్నామో, ఎంత వదిలామో రోజూ కళ్లెదుట కనబడే ఇంట్లో ఆమె ఇంతకుముందెప్పుడూ ఉండలేదు.

ఆటు మొదలయ్యాక నలుగురూ ఒడ్డుకు దిగారు. ఇక్కడ శిలాజాలు వెతికేవాళ్లు ముందు ఆటుపోట్ల వేళలు చూసుకుంటారు. నీరు వెనక్కి తగ్గుతున్నప్పుడే నడక. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎప్పుడు జారుతుందో తెలియని బూడిదరంగు బంకమట్టి గట్టు. మధ్యలో ఉన్న రాళ్ల మేటలోనే వెతకాలి. గంటసేపు వంగి నడిచిన మనవరాలు రూపాయి బిళ్లంత రాయి ఒకటి తెచ్చి నాన్నమ్మ అరచేతిలో పెట్టింది. ఇత్తడిలా మెరుస్తోంది. లోపలికి చుట్టుకుపోయిన సుడి, సుడి పొడవునా సన్నటి గీతలు.

ఆమెకు వెంటనే పుట్టింటి దేవుడి గది గుర్తొచ్చింది. రాగి పళ్లెంలో నల్లటి సాలగ్రామం, దాని లోపల ఇదే చక్రం. తాతగారికి కాశీ వెళ్లొచ్చిన చుట్టం ఒకరు ఇచ్చినది. కొన్నది కాదు. సాలగ్రామాన్ని కొనకూడదు, అమ్మకూడదు, ఎవరైనా ఇస్తేనే తీసుకోవాలి అనేది ఆ ఇంటి మాట. ఇంట్లోకి వచ్చాక రోజూ దానికి నీళ్లు పోయాలి, నైవేద్యం పెట్టాలి. భూగోళం చదివాక ఆమెకు తెలిసింది: నేపాల్లో గండకీ నది కొండల్లోంచి దొర్లించుకొచ్చే ఆ రాళ్లు అమ్మోనైట్ల శిలాజాలు. హిమాలయాలు లేవకముందు అక్కడున్న సముద్రంలో బతికిన జీవులు. డైనోసార్లతో పాటే, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించాయి. చార్‌మత్ ఒడ్డున దొరికినదీ ఆ జాతిదే, ఇంకా పాతది. ఇక్కడి గట్టు వయసు సుమారు 19 కోట్ల ఏళ్లు.

"దీనికీ రోజూ నీళ్లు పోద్దామా నాన్నమ్మా?"

"వద్దమ్మా. ఇది ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. తడి తగిలితే పొడైపోతుంది. దీన్ని పొడిగా ఉంచడమే పూజ."

ఇలా ఏరుకుపోవడం తప్పు కాదా అని కోడలిని అడిగింది. ఒడ్డు మీద విడిగా పడి ఉన్నవాటిని తీసుకోవచ్చు అత్తయ్యా, గట్టు తవ్వకూడదు, శాస్త్రానికి పనికొచ్చే అరుదైనది దొరికితే మాత్రం చెప్పి నమోదు చేయించాలి అంది కోడలు. ఇక్కడ అలా అనుమతించడానికి కారణం సూటిగా ఉంది. ప్రతి చలికాలం గట్టు జారి కొత్త శిలాజాలు ఒడ్డున పడతాయి. ఎవరూ తీయకపోతే అలలు నాలుగు రోజుల్లో వాటిని నలిపేస్తాయి. ఈ ఒడ్డున ఏరుకోవడమంటే కాపాడడం.

ఆ సంగతి లోకానికి తెలిసేలా చేసిన మనిషిది పక్క ఊరు లైమ్ రీజిస్. మేరీ ఆనింగ్ 1799లో పుట్టింది. తండ్రి వడ్రంగి. 1810లో అప్పులు మిగిల్చి పోయాడు. ఒడ్డున దొరికే రాళ్లను యాత్రికులకు అమ్మడమే ఆ ఇంటికి తిండి. అన్న జోసెఫ్ ఒక వింత పుర్రె కనిపెట్టాడు. మరుసటి ఏడు, 1812లో, పన్నెండేళ్ల మేరీ మిగతా ఎముకలు వెలికి తీయించింది. అది ఇక్తియోసార్ అనే ప్రాచీన సముద్ర సరీసృపం. 1823లో ఆమెకు ప్లీసియోసార్ అనే ఇంకో సముద్ర సరీసృపం పూర్తి అస్థిపంజరం దొరికింది. పదేళ్లకు, 1833లో, గట్టు జారి ఆమె కుక్క ట్రే కళ్లెదుటే చనిపోయింది. ఆమె బయటపెట్టిన ఎముకలు కొన్ని ఇవాళ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. కానీ ఆ రోజుల్లో కొన్నవాళ్లూ, వ్యాసాలు రాసినవాళ్లూ పేరు తెచ్చుకున్నారు. లండన్ జియలాజికల్ సొసైటీ ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకున్నది 1919లో. మేరీ 1847లోనే పోయింది. ఆమె సముద్రం నోట్లోంచి రాళ్లను తీసింది, ఆమె చేతిలోంచి పేరును ఇంకొకరు తీసుకున్నారు. లైమ్ రీజిస్‌లో ఆమె విగ్రహం నిలబడింది 2022లో, ఒక బడిపిల్ల మొదలుపెట్టిన ప్రయత్నం వల్ల. పొడవు పావడాతో, పక్కన ట్రేతో, సముద్రం వైపు అడుగు వేస్తున్న మనిషి. నలుగురూ అక్కడికి వెళ్లినప్పుడు మనవరాలు ఆ కంచు చేతిని కాసేపు పట్టుకుని నిలబడింది.

బండి తూర్పుకు కదిలింది. ఈ తీరంలో తూర్పుకు పోయేకొద్దీ రాళ్ల వయసు తగ్గుతుంది. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన ఈ 150 చిల్లర కిలోమీటర్ల తీరంలో 18.5 కోట్ల ఏళ్ల చరిత్ర పొరలు పొరలుగా నిలబడి ఉంది. పొద్దున్న చార్‌మత్‌లో బయల్దేరి సాయంత్రానికి పోర్ట్‌లాండ్ చేరితే, భూమి వయసులో దాదాపు ఐదు కోట్ల ఏళ్లు ఇవతలికి వచ్చినట్టు. టీచరమ్మకు ఆ లెక్క చెప్పకుండా ఉండడం కష్టమైంది. రెండు పక్కలా ఎత్తయిన పొదల కంచెలు, మధ్యలో ఒక్క బండి పట్టే దారి. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు వెనక్కి వెళ్లి చోటివ్వాలి. కొడుకు మూడుసార్లు వెనక్కి వెళ్లాడు, ఎదుటివాళ్లు మూడుసార్లూ చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పారు.

వెస్ట్ బే దగ్గర ఆగారు. అక్కడి నుంచి చెజిల్ బీచ్. 29 కిలోమీటర్ల పొడవున, ఒకే గీతలో పోర్ట్‌లాండ్ దాకా సాగే గులకరాళ్ల కట్ట. ఈ కొసన రాళ్లు బఠానీ గింజలంత. తూర్పుకు పోయేకొద్దీ పెద్దవవుతూ ఆ కొసన బంగాళదుంపలంత ఉంటాయి. ఇసుక జల్లించినట్టు ఈ రాళ్లను పరిమాణాన్ని బట్టి పేర్చింది అలలే. రాత్రిపూటో మంచులోనో ఒడ్డెక్కిన జాలర్లు ఒక గులకరాయి చేత్తో తడిమి తామెక్కడ దిగారో చెప్పేవారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆమెకు ఇది వింతగా అనిపించలేదు. భీమిలి జాలర్లు నడిసముద్రంలో కొండ గుర్తులు చూసి వల వేసే చోటు చెబుతారు. అక్కడ కంటికి తెలిసినది ఇక్కడ చేతికి తెలుస్తుంది.

మనవరాలు గుప్పెడు రాళ్లు తీసి జేబులో వేసుకోబోయింది. కొడుకు ఆపాడు. పక్కనే బోర్డు ఉంది: ఈ ఒడ్డు నుంచి రాళ్లు తీసుకెళ్లడం నేరం.

పిల్ల కాసేపు బోర్డునీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. "పొద్దున్న తీసుకోమన్నారు. ఇప్పుడు వద్దంటున్నారు. రెండూ రాళ్లే కదా నాన్నమ్మా?"

ఇన్నేళ్ల తరగతి గదిలో ఆమెను ఎవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. గులకరాళ్ల మీద కూర్చుని జవాబు కూడదీసుకుంది. రెండు సంగతులు చూడాలి. వదిలేస్తే ఏమవుతుంది? తీస్తే మళ్లీ వస్తుందా? పొద్దుటి శిలాజాన్ని వదిలేస్తే అలలు పొడి చేస్తాయి. తీస్తే గట్టు ఇంకోటి ఇస్తుంది. ఈ గులకరాయి అలా కాదు. మంచుయుగం పోయాక సముద్రం పైకి వస్తూ వేల ఏళ్లపాటు తోసుకొచ్చిన నిల్వ ఇది. కొత్తగా చేరేది చాలా తక్కువ. ఈ కట్ట వెనకాలే ఫ్లీట్ అనే ఉప్పునీటి కయ్య, పల్లపు ఇళ్లు ఉన్నాయి. 1824 నవంబరు తుఫానులో సముద్రం ఈ కట్టనే దాటి వచ్చి, ఇళ్లనూ ఫ్లీట్ ఊరి చర్చినీ కూల్చింది. అయినా 1980ల దాకా వెస్ట్ బే దగ్గర బండ్ల కొద్దీ గులక తవ్వుకుపోయారు. ఒక్కొక్క రాయీ ఇక్కడ గోడలో ఇటుక.

"అంటే మనం ఒక్కటి తీసినా గోడ పడిపోతుందా?"

"ఒక్కదానితో పడదు. ఒక్కటే కదా అని అందరూ అనుకుంటే పడుతుంది."

ఆ మాట అన్నాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. విశాఖకూ భీమిలికీ మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలు కళ్లముందుకొచ్చాయి. సముద్రమట్టం తగ్గి ఒడ్డు ఎంతో దూరం వెనక్కిపోయిన కాలంలో గాలి తెచ్చి పోసిన ఇసుక అది. ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. దాన్ని పోసిన ఆ గాలీ ఆ ఒడ్డూ ఇప్పుడు లేవు. వానకు కోసుకుపోవడమే తప్ప మళ్లీ పేరుకోదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో దాన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. అంతకు చాలా ఏళ్ల ముందు, ప్రతి డిసెంబరులో ఆమె ఎనిమిదో తరగతి పిల్లలను అక్కడికి నడిపించుకెళ్లేది. ఒక్కొక్కరి చేతికి ఒక గాజు సీసా. "ఎర్ర ఇసుక నింపుకోండి, బడిలో పెడదాం." ఏడాదికి నలభై, యాభై సీసాలు. బడి అల్మారాలో దుమ్ము పట్టి, చివరికి వరండాలో ఒలికిపోయేవి. నేర్పిస్తున్నాననే అనుకుంది, తీసుకుంటున్నానని ఒక్కసారీ తోచలేదు. ఈ మాట ఆమె కొడుకుతో చెప్పలేదు, కోడలితోనూ చెప్పలేదు. మనవరాలితో చెప్పింది. పిల్ల గుప్పిటలోని గులకరాళ్లను తీసిన చోటే ఒక్కొక్కటిగా పెట్టింది.

మధ్యాహ్నం ఆబట్స్‌బరీలో హంసల కొలను చూశారు. పదకొండో శతాబ్దంలో బెనెడిక్టైన్ సన్యాసులు స్థాపించిన మఠానిది. వాళ్లు హంసలను విందుల్లో తినడానికి పెంచారు. మఠం పోయింది, తినడం పోయింది, హంసలు మిగిలాయి. దారి పక్కనే గూళ్లు, బూడిదరంగు పిల్లలు తల్లి రెక్కల కింద. మనుషులు ఆ గూళ్ల మధ్యనుంచే నడుస్తారు.

సాయంత్రం పోర్ట్‌లాండ్ చేరారు. గులకరాళ్ల కట్ట నేలకు ముడివేసిన దీవి అది. అక్కడ ఆమె రెండు ప్రశ్నలూ ఇరుకున పడ్డాయి. దీవి నిండా రాతిగనులు. తెల్లటి సున్నపురాయి, లోపల నత్తల అచ్చులు. 1666 లండన్ అగ్నిప్రమాదం తర్వాత వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ సెయింట్ పాల్స్ కేథడ్రల్‌ను ఈ రాతితోనే కట్టాడు. పడవల మీద సముద్రం చుట్టి థేమ్స్ లోకి తీసుకెళ్లారు. 1920లో లండన్ నడిబొడ్డున లేచిన సెనోటాఫ్ అనే యుద్ధ స్మారకం ఈ రాయే. యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధి ఫలకాలు ఎన్నో ఈ రాయే. తీస్తే మళ్లీ రాదు. వదిలేస్తే ఏమీ కాదు, కొండలా ఉండేది. ఆమె లెక్క ప్రకారం తీయకూడనిది. కానీ పేరు చెక్కిన ఆ రాతి ముందు ఎందరు తల్లులు నిలబడి ఉంటారో అని తలుచుకుంటే, తీయకూడదని అనలేకపోయింది.

వాడకం ఆగిపోయిన టౌట్ గనిలో 1983 నుంచి శిల్పులు వచ్చి మిగిలిన బండల మీద చెక్కుతున్నారు.  అలా చెక్కినవి ఎన్నో గనిలోనే ఉన్నాయి. తవ్విన గోతుల అంచున గులాబీరంగు గడ్డిపూలు గాలికి ఊగుతున్నాయి. మనవరాలు ఒక రాతిలో నత్త అచ్చును చూపుడువేలితో తడిమి, జేబుల్లో చేతులు పెట్టుకుంది. "ఇది ఏ రకం నాన్నమ్మా? తీసుకోదగినదా, కాదా?"

"నాకు తెలీదమ్మా" అంది టీచరమ్మ. బడిలో ఉన్నన్నాళ్లూ ఆ మాట అనడానికి ఆమె భయపడేది.

తొమ్మిదింటికి పొద్దు గూకుతుండగా చెజిల్ కట్ట ఈ కొసన కూర్చున్నారు. రాళ్లు నిజంగానే బంగాళదుంపలంత. ఒక అల వెనక్కి లాగినప్పుడల్లా వేల రాళ్లు ఒకదానిమీదొకటి దొర్లిన గరగర. ఆమె కళ్లు మూసుకుని ఒక రాయి చేతిలోకి తీసుకుంది. ఎక్కడున్నామో చేతికి తెలిసింది. మళ్లీ కింద పెట్టింది.

రాత్రి బండిలో పక్కలు వేయబోతూ కోడలు నేల ఊడ్చింది. మనవరాలి బూటు అడుగు గాడిలోంచి బఠానీ గింజంత గులకరాయి ఒకటి జారి పడింది. వెస్ట్ బే రాయి. 29 కిలోమీటర్ల అవతలిది. ఇక్కడి రాళ్లలో కలిపేస్తే సరిపోతుందేమో అన్నాడు కొడుకు.

"ఇక్కడిది కాదు నాన్నా" అంది పిల్ల.

టీచరమ్మ ఆ రాయిని స్టీలు గ్లాసులో వేసి కిటికీ పక్కన పెట్టింది. కొడుకు దీపం కింద మ్యాపు విప్పి, మర్నాటి దారిని వేలితో పడమరకు మళ్లించాడు.