అడగని ఫలం

బాన్సువాడ చుట్టుపక్కల పశువుల దవాఖానల్లో కాంపౌండర్‌గా బతుకంతా గడిపినవాణ్ణి. ఏ పశువును చూసినా నా కళ్లు ముందు దాని కాళ్ల మీదికే పోతాయి. రెడ్ రమ్ కథ నన్ను పట్టుకున్నది అందుకే.

ఆ పందెపు గుర్రానికి గిట్ట లోపలి ఎముకకు వాపు. మామూలుగా అయితే దాని పని అయిపోయినట్టే. 1972లో జింజర్ మెకెయిన్ అనే శిక్షకుడు ఒక ముసలి యజమాని కోసం దాన్ని 6,000 గినీలకు కొన్నాడు. ఇంగ్లండులో సౌత్‌పోర్ట్ సముద్రపుటొడ్డున అది కుంటుతుంటే ఉప్పునీళ్లలోకి నడిపించాడు. ఆ నీళ్లే మందయ్యాయి. కుంటెద్దుల్ని మంజీర నీళ్లలో కాసేపు నిలబెట్టమని మేమూ రైతులకు చెప్పేవాళ్లం. రెడ్ రమ్ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

లివర్‌పూల్ దగ్గరి ఎయిన్‌ట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ నాలుగు మైళ్లు దాటిన పరుగు. అప్పట్లో దారిలో 30 కంచెలు దూకాలి. 1973లో క్రిస్ప్ అనే గుర్రం ఆఖరి కంచె దగ్గర కూడా ఎంతో ముందుంది. దాని మీద 76 కిలోల బరువు, రెడ్ రమ్ మీద అంతకు పది కిలోలు తక్కువ. గీత దగ్గరికొచ్చేసరికి క్రిస్ప్ కాళ్లు తడబడ్డాయి. ముక్కాలు గుర్రం పొడవు తేడాతో రెడ్ రమ్ గెలిచింది. మరుసటేడు ఆ 76 కిలోలూ దీని వీపుకెక్కాయి, అయినా గెలిచింది. 1977లో మూడోసారీ గెలిచింది. ఆ పందెం మూడుసార్లు గెలిచిన గుర్రం మరొకటి లేదు.

ఫలం అడగకుండా ఇలా శ్రమించే పశువును నిష్కామకర్మకు ఉదాహరణగా చెప్పే ప్రవచనాలు విన్నాను. నా మనసు ఒప్పుకోదు. అర్జునుడు రథం దిగి వెళ్లిపోగలడు, కాబట్టే అతను ఫలం వదులుకోవడం గొప్ప. బరువు తూచినవాడూ కంచె కట్టినవాడూ మనిషే అయినప్పుడు గుర్రానికి వైరాగ్యం అంటగట్టడం అన్యాయం.

పాతకాలపు గుర్రానిదీ ఇదే కథ. నాగార్జునకొండ శాసనాలు ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడని చెబుతాయి. ఆ యాగంలో గుర్రం ఏడాదిపాటు తిరిగిన నేల రాజుది. తిరిగొచ్చిన గుర్రానికి బలి. గెలుపూ పుణ్యమూ రెండూ రాజుకే. రెడ్ రమ్ ముప్ఫయ్యేళ్లు బతికి 1995లో పోయింది, గెలుపు గీత పక్కనే పాతిపెట్టారు. అదే పందెంలో కాలు విరిగి ప్రాణం వదిలిన గుర్రాలూ ఉన్నాయి. వాటి పూర్వజన్మ పాపాలు నేను వెతకను. అడగనిదాని ఫలం ఎక్కడికీ పోదు, తీసుకున్నవాడి మీద ఋణమై నిలుస్తుందని నా నమ్మకం.

ఆ ఋణంలో నాకూ వాటా ఉంది. బీర్కూర్ వైపు ఒక ఊళ్లో ఎద్దు గిట్టకు చీము పట్టింది. పదిరోజులు కడిగి కట్టు కట్టాను. పదకొండో రోజు దాన్ని నాగలికి కట్టారు. సంతోషంగా ఇంటికొచ్చాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను బాగుచేసింది ఎద్దునా, దుక్కినా?

ఆ ఏడు పోలాల అమావాస్యకు మళ్లీ ఆ ఊరు పోయాను. కొమ్ములకు రంగులేసి, హనుమాండ్ల గుడి చుట్టూ తిప్పి, పోలెలు తినిపిస్తున్నారు. ఆ రోజు మెడ మీద కాడి ఉండదు. గిట్ట చూద్దామని పక్కన వంగాను. నా చెయ్యి ఇంకా తగలనే లేదు, అది తనంతట తానే కాలెత్తింది.